రెండో కన్ను తెరిచిన రోజు

క్రీము డబ్బా ఇంకా భోజనాల బల్ల మధ్యలోనే ఉంది. దాని చుట్టూ కప్పుల్లో కాఫీ చల్లారిపోయింది.

"నా బాత్రూములోంచి తెచ్చావా?" అంది ఆడపడుచు.

"అవును వదినా."

"అడక్కుండా?"

"అడిగితే ఇచ్చేవారా?"

ఆడపడుచు తమ్ముడి వైపు చూసింది. ఆ ఇంట్లో ఆవిడకి జవాబు తోచనప్పుడల్లా తమ్ముడి వైపు చూడటం అలవాటు. తమ్ముడికి తోచనప్పుడు ఆయన తల్లి వైపు చూస్తారు. తల్లికి తోచకపోవడం అంటూ ఇంతవరకు జరగలేదు.

కొలతలమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఆఫీసువాళ్లు పెట్టిన పేరది. అంతరిక్షంలో తిరుగుతున్న పరికరం సూర్యుణ్ణి సరిగ్గా కొలుస్తోందా లేదా అని చూసుకోవడం ఆమె ఉద్యోగం. వాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు అత్తగారి చెవిన పడి, ఇంట్లో ఎత్తిపొడుపుగా స్థిరపడింది.

ఆ పరికరం మొత్తానికి హెడ్డు ఆమె భర్త. ఇంటా బయటా హెడ్డుగారే. ఆయనకి సూర్యుడంటే గౌరవం లేదని ఎవరూ అనలేరు. తన తర్వాత రెండో స్థానం సూర్యుడికే ఇచ్చారు.

"ఇంకోసారి చెప్పు," అన్నారు హెడ్డుగారు, టై సరిచేసుకుంటూ. "మా అమ్మకి, అక్కకి కూడా అర్థమయ్యేలా చెప్పు. సూర్యుడిలో అతినీలలోహిత కాంతి తగ్గిపోతోందని మధ్యాహ్నం సభలో ప్రపంచానికి చెప్పబోతున్నాను. నా భార్య పొద్దున్నే కనిపెట్టిందేమిటో వాళ్లూ వినాలి."

"సూర్యుడు తగ్గలేదండీ. మన పరికరం అద్దం మీద వదిన క్రీము ఉంది."

అత్తగారు నవ్వారు. నోరు మూసుకుని ముక్కుతో నవ్వడం ఆవిడ పద్ధతి. "ఆకాశంలోనా?"

"ఆకాశంలోనే అత్తయ్యా. ఎండకి ఒళ్లు మాడకుండా రాసుకునే క్రీము కదా ఇది. ఎండలో కంటికి కనపడని కాంతి ఉంటుంది, చర్మాన్ని కాల్చేది. దాన్ని మింగడమే దీని పని. మా పరికరం పని ఆ కాంతిని కొలవడం. కింద నుంచి కొలుద్దామంటే చాలా భాగం గాలే మింగేస్తుందని అంత పైకి పంపించాం. తీరా అక్కడికి వెళ్లాక గాలి చేసే పని క్రీము చేస్తోంది."

"కథలు బాగా అల్లుతావు," అన్నారు హెడ్డుగారు.

"లాబులో గాజుముక్క మీద రాసి చూశాను. వర్ణపటంలో ఏ చోట ఎంత కాంతి మింగుతుందో గ్రాఫు గీయించాను. మీరు సూర్యుడు తగ్గాడంటున్న చోట ఒక గుంట ఉంది చూడండి, ఈ క్రీము చేసే గుంట కూడా అచ్చు గుద్దినట్టు అలాగే ఉంది. సూర్యుడు తగ్గితే ఒక్కచోటే అలా చెంచాతో తీసినట్టు తగ్గుతాడా?"

హెడ్డుగారు టై వదిలేశారు. ఆయన ఆ గ్రాఫు చూడలేదు. చూస్తానని కూడా అనలేదు.

"అంటే నా మొహానికి రాసుకున్నది సూర్యుడికే అడ్డమొచ్చిందా?" అంది ఆడపడుచు. కోపంగానే అంది. కానీ ఆ కోపం అడుగున ఎక్కడో చిన్న మురిపెం ఉంది. ఊళ్లో ఇంకే ఆడదాని క్రీముకీ ఆ భాగ్యం పట్టలేదు మరి.

"మూతకి అంటిన క్రీము పైన ఎండకి ఆవిరై అద్దం మీద పేరుకుంది. మాస్కు లాగిన చేత్తోనే మీరు మూత పట్టుకున్నారు కదా వదినా. ఫోటోలో."

అందరూ హాలు వైపు చూశారు. చూడకుండా ఎవరూ ఉండలేకపోయారు.

కిటికీకి ఎదురుగోడ మీద పెద్ద ఫ్రేములో ఉంది ఆ ఫోటో. తల నుంచి కాలి దాకా తెల్లటి సూటులో ఆడపడుచు. మాస్కు గడ్డం కిందికి లాగేసి ఉంది. ఒక చేయి పరికరం మొదటి కంటి మూత మీద వేసి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. వెనకాల హెడ్డుగారు సగం మనిషి కనపడతారు. పరికరాన్ని పెట్టెలో పెట్టి పంపే ముందు తీసిన ఫోటో. తలవెంట్రుక పడినా తప్పే అనే గదిలో, పౌడరు రాసుకున్న మనిషిని గుమ్మం దాటనివ్వని తెల్ల గదిలో తీసింది. ఆ రోజు కొలతలమ్మని వేరే ఊళ్లోని లాబుకి దీపాలు పరీక్షించడానికి పంపించి మరీ తీయించారు.

"అది నమూనా అని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు హెడ్డుగారు. "అసలుది కాదు. చూడటానికి వచ్చేవాళ్ల కోసం చేయించిన నమూనా."

"మీరు నమూనా అంటే నమ్మాను. మొన్న ఆ ఫ్రేము తుడుస్తుంటే చూశాను. మూత అంచున ఆకుపచ్చ చుక్క ఉంది. ఆ చుక్క నేను పెట్టిందే, ఏ మూత ఏ కంటిదో కలిసిపోకుండా. నమూనాకి ఏ చుక్కా లేదు."

 హెడ్డుగారు అలవాటు ప్రకారం తల్లి వైపు చూశారు.

"చుక్కలు లెక్కపెట్టుకోవడానికా నిన్ను ఉద్యోగంలో పెట్టుకుంది?" అన్నారు అత్తగారు. "మొగుడు పెద్ద కుర్చీ ఎక్కుతుంటే ఇంటి ఆడది ఎదురొచ్చి నిలబడటం ఎక్కడా చూడలేదమ్మా. సాయంత్రం మీ సంస్థ అధ్యక్షురాలు ఇంటికి భోజనానికి వస్తోంది. తన కుర్చీ వీడికే ఇస్తానని నోటితో చెప్పబోతోంది. ఇవాళే కావాల్సి వచ్చిందా నీకీ క్రీము గొడవ?"

"సభ ఇవాళే పెట్టారు కదా అత్తయ్యా. రెండో కన్ను తెరవకముందే."

ఆ మాటకి హెడ్డుగారి మొహం మాడిపోయింది.

ఆ పరికరానికి రెండు కళ్లు. మొదటిది రోజూ సూర్యుణ్ణి చూస్తుంది, చూసి చూసి మసకబారుతుంది. రెండోది మూత కిందే నిద్రపోతుంది. ఎప్పుడో అరుదుగా తెరిచి, ఇది చూసినదాన్ని అది చూసినదాంతో పోల్చి, మొదటి కన్ను ఎంత మసకబారిందో లెక్క కడతారు. తెరిచిన ప్రతిసారీ రెండోదీ కొంచెం అరుగుతుంది కాబట్టి ఊరికే తెరవరు. ఆ వంక పెట్టుకునే, పోయినసారి తెరవాల్సింది హెడ్డుగారు వాయిదా వేశారు. ఈసారిది సభ అయ్యాకకి జరిపారు. కన్ను మీద అంత ప్రేమ ఆయనకి.

"ఇవాళ తెరుద్దామండీ," అంది కొలతలమ్మ. గొంతు మొదటిసారి మెత్తబడింది. "సభకి ముందే. అది కూడా సూర్యుడు తగ్గాడంటే, నేనే అందరి ముందూ తప్పు ఒప్పుకుంటాను. వదినకి క్రీము డబ్బా కొత్తది కొనిస్తాను."

"తెరవాలంటే ఇద్దరం సరే అనాలి. నేను అనను."

"అయితే నేనూ సభలో సరే అనను."

వాళ్ల గొడవంతా అక్కడే ఉంది. సభలో హెడ్డుగారు సూర్యుడి సంగతి చెప్పగానే, కొలతల మనిషి లేచి 'మా కొలతలు సరిగ్గా ఉన్నాయి' అనాలి. ఆ ఒక్క మాటా లేకపోతే ఆ ప్రకటనని ఎవరూ లెక్కచెయ్యరు. ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సరిగ్గా లేనిదాన్ని సరే అనలేదు. ఆఫీసులో ఆమెకున్న ఆస్తి అదొక్కటే. దాన్నే ఇప్పుడు కాఫీతో పాటు అడుగుతున్నారు.

"ఒక్క మాటకి ఇంత బిగుసుకుంటావేమిటే?" అన్నారు అత్తగారు.

"ఆ ఒక్క మాట నమ్మి, పైన ఓజోన్ ఎంత పుడుతుందో లెక్కలు వేసుకునేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు అత్తయ్యా. వాళ్లెవరూ వదిన క్రీము గురించి అడగరు. నన్ను నమ్ముతారు, అంతే."

 ఆడపడుచు చెయ్యి చాచి క్రీము డబ్బా తీసుకుని, మూత బిగించి, ఒళ్లో పెట్టుకుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులూ దాని మీదే ఉంచుకుంది.

*

ఇద్దరూ కారులో ఆఫీసుకి బయల్దేరారు. హెడ్డుగారు దారి పొడవునా ఉపన్యాసం పెదాలతో వల్లె వేసుకుంటూనే ఉన్నారు.

కమాండు గది ఎప్పటిలాగే చలిగా ఉంది. కుర్చీల వీపుల మీద స్వెట్టర్లు, తెరల ముందు కాగితం కప్పులు. పరికరానికి ఆదేశాలు పంపే పెద్దాయన అక్కడ బిస్కెట్టు టీలో ముంచుకుని తింటున్నాడు. ఆయన్ని అందరూ కమాండాయన అంటారు.

"అమ్మా, మీ సరే వచ్చింది. సారు సరే రాలేదు," అన్నాడు ఆమెని చూడగానే. "కాసేపట్లో పరికరం మన పైకి వస్తుంది. ఇప్పుడు తప్పితే సభ అయ్యాకే మళ్లీ. ఇంట్లో మాట్లాడుకుని రాకపోయారా?"

"ఇంట్లో మాట్లాడుకునే వచ్చాం."

కమాండాయన చేతిలోని బిస్కెట్టు టీలో విరిగి పడిపోయింది.

హెడ్డుగారు ఆమెని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లారు. గాజు అద్దాల అవతల సభాస్థలిలో కుర్చీలు వేస్తున్నారు. మైకు పరీక్షిస్తున్నవాడు అదే పనిగా దగ్గుతున్నాడు.

"చూడు," అన్నారు, గొంతు తగ్గించి, తేనె పూసి. "నేను ఆ కుర్చీ ఎక్కితే తర్వాతి పరికరానికి హెడ్డువి నువ్వే. ఇవాళ ఒక్కరోజు తల ఊపు. తర్వాత నీ రెండో కన్ను తెరుచుకో, మూడో కన్ను తెరుచుకో. తేడా వస్తే చిన్నగా సవరించుకుందాం. ఎవరు పట్టించుకుంటారు?"

కొలతలమ్మకి కోపం రాలేదు. కోపం వస్తుందని ఎదురుచూసింది, రాలేదు. వచ్చింది అసహ్యం. పొద్దున్నే షేవు చేసుకున్న ఆ నున్నటి మొహం, జేబులో మడతపెట్టిన ఆ ఉపన్యాసం, చెయ్యి మీద వేసిన ఆ వెచ్చటి అరచెయ్యి, అన్నీ అసహ్యంగా తోచాయి. ఇన్నేళ్లూ ఈ మనిషి పక్కన కూర్చుని అన్నం తిన్నదా తను!

"మీరు నాతో అబద్ధం చెబితే సర్దుకుపోయేదాన్ని," అంది. "చాలాసార్లు సర్దుకుపోయాను కూడా. సూర్యుడి చేత అబద్ధం చెప్పిస్తున్నారు చూడండి, అది మాత్రం నా వల్ల కాదు. చెయ్యి తియ్యండి."

ఆయన చెయ్యి తీశారు. కిటికీలోంచి కుర్చీల వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన ఆలోచించేటప్పుడు కింది పెదవి కొంచెం ముందుకు వస్తుంది. అలా చాలాసేపు ఉంది పెదవి.

"రెండో కన్ను తెరిస్తే నువ్వన్నట్టే తేలుతుందంటావు. నూటికి నూరుపాళ్లూ?"

"నూటికి నూరుపాళ్లూ."

"ఆ తెల్ల గది ఎవరి కింద ఉండేది? కాగితాల మీద?"

"నా కిందే. శుభ్రతా కొలతా రెండూ నావే కదా."

"ఊఁ," అన్నారు హెడ్డుగారు.

తర్వాత తలుపు తోసుకుని గదిలోకి వెళ్లారు. "తెరవండి. నా సరే రాసుకోండి," అన్నారు కమాండాయనతో, గదిలో అందరికీ వినపడేలా. "నిజం కంటే నాకేదీ ఎక్కువ కాదు."

కొలతలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నమ్మలేకపోయింది. తర్వాత నమ్మింది. అదే ఆమె చేసిన పొరపాటు. ఆయన భుజాల వెనక నిలబడి, ఈ మనిషిలో ఇంకా ఏదో మిగిలే ఉందనుకుంది. చాలా కాలానికి ఆ ఒక్క నిమిషం ఆయన్ని పెళ్లాడినందుకు సిగ్గుపడలేదు.

ఆదేశం వెళ్లింది. ఎక్కడో పైన, గాలి లేని చోట, చిన్న మూత ఒకటి పక్కకి జరిగింది. జరిగినట్టు తెర మీద ఒక పచ్చ గుర్తు వెలిగింది. కాసేపటికి రెండో కన్ను చూసిన గ్రాఫు ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ వచ్చింది. మొదటి కంటి గీత గుంటలో పడిన చోట రెండో గీత పడలేదు. నింపాదిగా దాటుకుని వెళ్లిపోయింది.

"సూర్యుడు బాగానే ఉన్నాడమ్మా," అన్నాడు కమాండాయన.

కొలతలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త వైపు చూసింది. ఆయన అప్పటికే అక్కడ లేరు. వరండాలో గోడకి ఉపన్యాసం ఆనించి పెట్టి, కొట్టివేతలు చేస్తూ, మధ్యమధ్యలో ఫోన్లో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నారు.

*

సభ నిండిపోయింది. ముందు వరసలో అధ్యక్షురాలు కూర్చుంది, తెల్లటి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చేతికర్ర మోకాళ్లకి ఆనించుకుని. కొలతలమ్మ రెండో వరసలో కూర్చుంది.

హెడ్డుగారు మైకు ముందు చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. అలా నిలబడితే జనం సర్దుకుని కూర్చుంటారని ఆయనకి తెలుసు.

"ఈ రోజు నేను మీకు ఒక గొప్ప విషయం చెప్పాల్సింది," అన్నారు. "చెప్పడం లేదు. ఎందుకంటే అది నిజం కాదని ఇందాకే తెలుసుకున్నాను."

సభలో గుసగుసలు లేచాయి.

"నాకు మొదటి నుంచీ ఏదో అనుమానం. అందుకే షెడ్యూలుని కాదని, ఇవాళ రెండో కన్ను తెరిపించాను. సూర్యుడు తగ్గలేదు. మన అద్దం మీద మురికి చేరింది. కింద, తెల్ల గదిలో జరిగిన అజాగ్రత్త వల్ల చేరింది. ఆ గదికి బాధ్యురాలు ఎవరో మీలో చాలామందికి తెలుసు. ఆమె నా భార్య." గొంతు కొంచెం వణికించారు. ఎక్కడ వణికించాలో అక్కడే వణికింది. "దాచిపెట్టమని మనసు చెప్పింది. కానీ సైన్సు ముందు భార్యా లేదు, భర్తా లేదు."

చప్పట్లు మోగాయి. మొదట ఒక మూల నుంచి, తర్వాత సభంతా. మైకు పరీక్షించినవాడు కూడా కొట్టాడు.

కొలతలమ్మ లేచి నిలబడింది. "ఆ గదిలోకి ఎవరొచ్చారో..." అని మొదలుపెట్టింది. చప్పట్లలో ఆ మాట పక్క కుర్చీ దాకా కూడా వెళ్లలేదు. హెడ్డుగారు మాత్రం చూశారు. చెయ్యెత్తి సభని ఆపారు, ఎంతో దయగా.

"దయచేసి ఆమెనేమీ అనకండి," అన్నారు మైకులో. "మనిషన్నాక పొరపాటు చేస్తాడు. ఆమె ఇప్పటికే చాలా బాధపడుతోంది."

దాంతో ఆమె నోరు కట్టేసినట్టయింది. ఇక ఏం చెప్పినా అది తప్పు చేసిన మనిషి ఏడుపే అవుతుంది. ఇన్నేళ్లూ తన దగ్గరికి కొలతలు సరిచూపించుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లు తల దించుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కనున్నావిడ దారి ఇస్తున్నట్టు మోకాళ్లు పక్కకి తిప్పింది.

తన నిజమే గెలిచింది. గెలిచి, ఆయన మెడలో దండై పడింది. ఇంత నీచంగా కూడా నిజం చెప్పొచ్చని ఆమెకి ఆ రోజే తెలిసింది.

*

ఆమె ఒంటరిగా బస్సులో ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చెప్పులు విప్పి హాల్లోకి అడుగుపెట్టగానే ఏదో లోటు తెలిసింది. గోడ మీద ఫోటో లేదు.

"ఫోటో ఏదత్తయ్యా?"

"ఏ ఫోటో?" అన్నారు అత్తగారు, బల్ల మీద ప్లేట్లు సర్దుతూ.

"వదిన ఫోటో."

"దుమ్ము కొట్టుకుపోయింది. తీశాం. వాడు ఫోన్ చేసి తీసెయ్యమన్నాడు, వచ్చే ఆవిడ ఎదురుగా అదెందుకని. నీకిప్పుడు గోడల గొడవ కూడా కావాలా? చేసింది చాలక?"

"నేనేం చేశాను అత్తయ్యా?"

అత్తగారు గ్లాసు ఒకటి వెలుతురుకి ఎత్తి చూసి, మరక లేకపోయినా తుడిచారు.

ఆడపడుచు మూల కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దుటి చీర మార్చలేదు. మొహం ముడుచుకుపోయి ఉంది. "నన్నడిగి తీశారా ఎవరైనా?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా. ఫోటోని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నట్టుంది, నడుముకి తాళంచెవి వేలాడుతోంది.

ఆ ఫోటో లోకంలో అదొక్కటే. ఆ గదిలోకి ఫోన్లు రానివ్వరు, ఫోటోగ్రాఫరు తీసినవాటిలో ఒకే ఒక్కటి అచ్చు వేయించి, ఆ రోజే హెడ్డుగారు మిగతావన్నీ చెరిపించారు. గోడకి తగిలించుకునే సరదా లేకపోతే అదీ ఉండేది కాదు.

కొలతలమ్మ గోడ దగ్గరికి వెళ్లింది. కిటికీలోంచి ఏళ్ల తరబడి పడిన ఎండకి గోడ నీలం వెలిసి తెల్లబడిపోయింది. ఫోటో ఉన్నంత మేర మాత్రం రంగు వేసిన రోజున ఎలా ఉందో అలాగే చిక్కగా ఉంది. కప్పి ఉంచింది నిలిచింది, మిగతాది వెలిసింది. పైనున్న రెండో కన్ను చేసే పనీ అంతే. తన ఇంటి గోడ కూడా తన ఉద్యోగమే చేస్తోందనుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి అత్తగారికి ఒళ్లు మండింది.

"నవ్వు! సిగ్గు లేకపోతే సరి."

వాకిట్లో కారు ఆగింది.

హెడ్డుగారు అధ్యక్షురాలికి చెయ్యి అందించి లోపలికి తీసుకొచ్చారు. మనిషి ఒక్కరోజులో పొడుగైనట్టు కనిపించారు. భార్యని చూసి, అతిథి ముందు క్షమించేసినట్టు చిరునవ్వు నవ్వారు.

భోజనాలు మొదలయ్యాయి. కొలతలమ్మ వడ్డించింది. అధ్యక్షురాలు తక్కువ తింది, తక్కువ మాట్లాడింది. మాటల మధ్య ఆవిడ చూపు రెండు మూడుసార్లు గోడ మీదికి వెళ్లింది.

"అక్కడ చాలా ఏళ్లుగా ఏదో ఉండేదే," అంది చివరికి. "ఇవాళే తీసినట్టున్నారు. అంచులు ఎంత తేటగా ఉన్నాయో."

"ఏదో పాత క్యాలెండరు మేడమ్," అన్నారు హెడ్డుగారు. "గోడకి రంగులు వేయించాలి."

"క్యాలెండరు ఏడాదికి ఒకసారి మారుతుంది కదా. కొలత మారకుండా ఇన్నేళ్లు ఒకేచోట ఉందా?"

అత్తగారు గరిటె పట్టుకుని కూర వేయబోయారు. అధ్యక్షురాలు ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఒక విషయం తెలియాలి," అంది. "ఆ మురికి మామూలు మురికి కాదట. కమాండు గదిలో పెద్దాయన మీ ఆవిడ గీయించిన గ్రాఫు చూపించాడు. మొహానికి రాసుకునే క్రీములా ఉందట. నాకు తెలిసినంతలో మీ ఆవిడ ఆ గదిలోకి వెళ్లే రోజున సబ్బు కూడా వాసన లేనిదే వాడుతుంది. ఆ చివరి రోజుల్లో ఇంకెవరైనా వెళ్లారా లోపలికి?"

కొలతలమ్మ చేతిలో నీళ్ల జగ్గు అలాగే ఆగింది.  తను చెబితే మాట, ఆయన చెబితే సాక్ష్యం. పొద్దున్నించీ అదే నేర్చుకుంది.

"ఎవరూ వెళ్లలేదు మేడమ్," అన్నారు హెడ్డుగారు. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఆపడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. "మా అక్కే చాలా సరదా పడింది, ఒక్కసారి చూస్తానని. గుమ్మం కూడా దాటనివ్వలేదు. ఏం చూసినా అర్థం కాని మనుషులు మేడమ్ వీళ్లు. మొహానికి ఏం పూసుకోవాలో తప్ప ఇంకేం తెలుసని? ఇలాంటివాళ్లని లోపలికి రానిస్తానా?"

నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. అత్తగారు నవ్వబోయి, కూతురి మొహం చూసి మానేశారు.

ఆడపడుచు ముద్ద ప్లేటులోనే వదిలేసింది. సూర్యుణ్ణి చూడటానికి వెళ్లిన వస్తువుని ఈ చేత్తో పట్టుకున్నానని చుట్టాలకీ పక్కింటివాళ్లకీ ఆఖరికి పాలు పోసేవాడికీ చెప్పుకున్న మనిషి ఆవిడ. ఆ ఇంట్లో తనకంటూ ఉన్న గొప్ప అదొక్కటే. పొద్దున క్రీము దోషం తన మీద పడ్డప్పుడు కూడా ఇంత చిన్నబోలేదు.

"రా అక్కా, మొహం కనపడాలి, మాస్కు కిందికి లాగు అన్నది ఎవర్రా?" అని పెదాల దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. తల్లి బల్ల కింద నుంచి ఆవిడ మోకాలు గట్టిగా నొక్కుతోంది.

కొలతలమ్మ నీళ్ల జగ్గు బల్ల మీద పెట్టింది. ఆడపడుచు కళ్లలోకి చూసి, మెత్తగా అడిగింది. "నిజంగా రాలేదా వదినా, మీరు ఆ గదిలోకి?"

 హెడ్డుగారి కింది పెదవి ముందుకు వచ్చింది.

ఆడపడుచు తల్లి చెయ్యి తోసేసింది. లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, నడుముకున్న తాళంచెవి పిడికిట బిగించి లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

"అక్కా," అని పిలిచారు హెడ్డుగారు. ఆ పిలుపులో ఇందాకటి నవ్వు లేదు.

 లోపల బీరువాలో తాళంచెవి తిరిగిన చప్పుడైంది. తెరవడానికి తిప్పిందో, ఇంకోసారి బిగించడానికి తిప్పిందో బల్ల దగ్గరున్న ఎవరికీ తెలియలేదు. అధ్యక్షురాలు కుర్చీని కొంచెం ఆ గది గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంది.